తన్లిన్‌కు దుర్గ గీసిన దారి

బర్మాలోని యాంగాన్ నడిబొడ్డున, పాన్సొడాన్ వీధికి రెండు సందులు ఇవతల, ఒక పాత మేడ మూడో అంతస్తులో గెస్ట్ హౌస్ ఉండేది. పన్నెండు మంచాల హాలు ఒకటి, చిన్న గదులు ఆరు, వరండాలో నాలుగు బల్లలు. వీపున బరువైన సంచులు వేసుకుని దేశాలు తిరిగే కుర్రకారు అందులో దిగేవారు. మెట్లెక్కి రొప్పుతూ వచ్చినవాళ్ళకు మొదట కనిపించే మనిషి దుర్గ. పదకొండేళ్ళు ఆమె ఆ కౌంటర్ వెనకే గడిపింది. పాస్‌పోర్టులు చూసి పేర్లు రాసుకోవడం, దుప్పట్లు మార్పించడం, పొద్దున్నే టోస్టూ గుడ్డూ అరటిపండూ అందించడం, ఏ బస్సెక్కితే ఎక్కడ తేలతారో చెప్పడం ఆమె పని.

దుర్గ ముత్తాత విశాఖపట్నం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశాడు. తాతదీ అదే పని. తండ్రి కుళాయిలు బాగుచేసేవాడు. బడిలో ఆమెకు మే తు అని బర్మా పేరు రాయించారు, అందుకని గెస్ట్ హౌస్‌లో దిగినవాళ్ళకు ఆమె ‘మే’. దుర్గ అన్న పేరు తామ్వే పేటలోని ఇంటివరకే. అమ్మానాన్నా పోయాక ఆ రెండు గదుల వాటాలో ఆమె, తల్లికి తమ్ముడైన గోపాలం మావ మిగిలారు. పెళ్ళి ఒకసారి కుదిరి తప్పిపోయింది. రెండోసారి ఆమే వద్దంది. తామ్వే నుంచి పాన్సొడాన్‌కు, పాన్సొడాన్ నుంచి తామ్వేకు ఒకే బస్సు. ఆ బస్సు తిరిగే దారే ఆమెకు తెలిసిన ఊరు.

2013 చలికాలంలో విదేశీయులు ఒక్కసారిగా పెరిగారు. అందరూ అవే ప్రశ్నలు అడిగేవారు. రింగు రైలు ఎక్కడ ఎక్కాలి? త్వాంటే వెళ్ళే పడవ ఎక్కడ? నది అవతల తన్లిన్‌లో పాతకాలపు చర్చి శిథిలం ఉందటగా, దానికి దారేది? చెప్పి చెప్పి విసిగిపోయి, ఒక ఆదివారం మధ్యాహ్నం దుర్గ తెల్లకాగితం మీద మ్యాపు గీసింది. నది, వంతెన, రైలు పట్టాలు, బస్సు నంబర్లు అన్నీ గుండ్రటి చేతిరాతలో. తాను చూడని చోట్ల గురించి చూసినవాళ్ళను అడిగింది. తన్లిన్ సంగతి గోపాలం మావ చెప్పాడు. ఆయన పడుచువయసులో అక్కడి బియ్యం మిల్లులో తొమ్మిదేళ్ళు పనిచేశాడు. రిఫైనరీ గేటు దాటాక రెండో స్టాపులో దిగి, ఎడమకు తిరిగి, మిల్లు గోడ వెంబడే పోయి, గోడ అయిపోయిన చోట కుడిచేతి సందులోకి వెళ్ళాలని ఆయన కళ్ళు మూసుకుని చెప్పాడు. ఆమె అలాగే గీసి చివర శిలువ గుర్తు పెట్టింది. ఆ కాగితానికి జిరాక్సులు తీయించి కౌంటర్ మీద ఉంచింది. వచ్చినవాడల్లా ఒకటి మడిచి జేబులో పెట్టుకునేవాడు.

అలా ఐదేళ్ళు నడిచింది. 2018 నవంబరులో యజమానురాలు రంగుల మ్యాపు అచ్చు వేయించింది. గెస్ట్ హౌస్‌లో నెలరోజులు ఉన్న ఒక డచ్చి కుర్రాడు ఫోను పట్టుకుని అన్ని దారులూ స్వయంగా నడిచి దాన్ని తయారుచేశాడు. దుర్గ కాగితాల్లో మిగిలిన కట్ట సొరుగులోకి పోయింది. ఆమె పెద్దగా పట్టించుకోలేదు. కొత్తది చూడ్డానికి బాగుంది, పైగా జిరాక్సు కొట్టుకు పరిగెత్తే పని తప్పింది.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. 2020లో విమానాలు ఆగిపోయాయి. ఆ మరుసటి ఏడాది సైన్యం ప్రభుత్వాన్ని లాక్కున్నాక ఊరు మరో ఊరైపోయింది. గెస్ట్ హౌస్ రెండేళ్ళు మూసి ఉన్నా దుర్గ వారానికి రెండుసార్లు వచ్చి కిటికీలు తెరిచి, గాలి ఆడనిచ్చి, మూసి వెళ్ళేది. మళ్ళీ తెరిచాక కూడా పన్నెండు మంచాల్లో ఇద్దరో ముగ్గురో పడుకునేవారు. చివరికి 2024 నవంబరులో యజమానురాలు మేడ అమ్మేసింది. సామాను గదిలో ఎవరూ తిరిగొచ్చి తీసుకోని సంచులు తొమ్మిది ఉంటే, పనివాళ్ళను పంచుకోమంది. దుర్గకు నీలంరంగు సంచి వచ్చింది. అందులోని బట్టలు బౌద్ధ మఠానికి ఇచ్చేసింది. ఖాళీ సంచి భుజాలకు తగిలించుకుని ఇంట్లో అద్దం ముందు నిలబడింది.

ఒకటో తేదీన లైంగ్‌థార్యార్‌లో కుట్టు ఫ్యాక్టరీలో చేరాలి. అప్పటికింకా తొమ్మిది రోజులు ఉన్నాయి. ఉద్యోగం మొదలయ్యాక తెల్లవారుజామునే పికప్ వ్యాన్ ఎక్కాలి, చీకటి పడ్డాకే దిగాలి. వేలమందిని పంపించిన చోట్లకు ఒక్కసారి తనూ వెళ్ళి చూద్దామని ఆమెకు అద్దం ముందే అనిపించింది. సొరుగులోంచి తెచ్చుకున్న తన పాత కాగితాన్నే వెంట తీసుకుంది. రంగుల మ్యాపు ఒకటి కూడా మిగల్లేదు. మిగిలినా, తన గీతల మీదే నడవాలని ఆమెకు ఉంది.

గోపాలం మావ మంచం మీంచి ఆమె సంచి సర్దుకోవడం చూశాడు.

“ఏటి దుర్గా, పారినర్లాగ నువ్వూ బయిల్దేరినావేటి?” అన్నాడు.

“అలగే అనుకో మావా. రోజూ సీకటి పడకుండా వొచ్చెత్తాను,” అంది.

మొదటిరోజు రింగు రైలు. ఊరి చుట్టూ మూడు గంటలు తిరిగి బయల్దేరిన చోటుకే చేరే బండి అది. పదకొండేళ్ళుగా ఆమె ప్రతి ఒక్కరికీ, కుడివైపు కూర్చోండి, చూడ్డానికి బాగుంటుంది అని చెబుతూ వచ్చింది. తనూ కుడివైపే కూర్చుంది. ఎండ మొహాన కొట్టింది. కూరగాయల సంతా, నీటి తోటకూర మడులూ, చెరువుల మీద బాతులూ అన్నీ ఎడమ కిటికీలోంచి పోయాయి. గంట గడిచాక లేచి అటువైపు మారింది. ఎదురుగా మరమరాలు అమ్మే ఆవిడ నవ్వి, మొదటే ఇటు కూర్చుంటే పోయేది కదా అని బర్మాలో అంది. ఇన్నేళ్ళలో తిరిగొచ్చిన ఒక్కరైనా తనతో ఆ మాట అనలేదేమా అని దుర్గ సాయంత్రం దాకా ఆలోచించింది. మర్యాదకు ఊరుకుని ఉంటారు.

రెండోరోజు తన్లిన్. నది మీద వంతెనకు ఇవతల బస్సును ఆపి తనిఖీ చేశారు. ఊళ్ళో మనిషి, అందులోనూ నలభై దాటిన ఆడమనిషి అంత సంచి మోసుకుని పోవడం పోలీసుకు నచ్చలేదు. దింపి సంచి విప్పించాడు. లుంగీ, తువ్వాలు, గొడుగు, నీళ్ళ సీసా, బిస్కట్ల పొట్లం బయటపడ్డాయి. ఎక్కడికని అడిగితే పాత చర్చి చూడ్డానికని చెప్పింది. క్రిస్టియనా అన్నాడు. కాదంది. మరి దేనికన్నాడు. ఎప్పుడూ చూడలేదు అంది. ఆ జవాబు అతనికి అబద్ధంలాగా అనిపించలేదు, నిజంలాగానూ అనిపించలేదు. గుర్తింపు కార్డు రెండువైపులా తిప్పి చూసి ఎక్కమన్నాడు. బస్సులోవాళ్ళు ఆమెకు కాస్త ఎడంగా జరిగి కూర్చున్నారు.

రిఫైనరీ గేటు దాటాక రెండో స్టాపులో దిగింది. ఎడమకు తిరిగింది. మిల్లు ఇప్పుడు లేదు గాని గోడ ఉంది, దాని మీద రావి మొక్కలు మొలిచాయి. గోడ అయిపోయిన చోట కుడిచేతి సందులోకి తిరిగింది. కాగితంలో ఉన్నట్టే అన్నీ ఉండడం ఆమెకు సరదాగా అనిపించింది. సందు చివర చర్చి లేదు. గులాబీరంగు గోడలూ పసుపుపచ్చ గోపురమూ ఉన్న చిన్న గుడి ఉంది. గుమ్మం పక్కన సిమెంటు బెంచీలు నాలుగు, వాటికి పైన రేకుల నీడ. గోడకు ఇంగ్లీషులో ఒక బోర్డు: విదేశీ యాత్రికులకు నూకాలమ్మ గుడి స్వాగతం, చెప్పులు బయట విడవండి. ఎండకు బోర్డు అక్షరాలు సగం పెచ్చులూడిపోయాయి.

బెంచీల పక్కన టీ కొట్టు ఉంది. కొట్టులో అరవై దాటిన బర్మా ఆవిడ, సాన్ సాన్. చర్చి ఎక్కడని దుర్గ అడిగితే ఆవిడ ఆమె వీపు మీది సంచిని చూసి, మొహాన్ని చూసి, మెల్లగా నవ్వింది. చర్చి ఇక్కడ కాదు, రెండు మైళ్ళు అవతల కొండ పక్కన ఉందంది. వాళ్ళందరూ కూడా మొదట దానికోసమే అడిగేవాళ్ళు అంది.

ఎవరు వాళ్ళు అని దుర్గ అడిగింది.

సాన్ సాన్ టీ కలుపుతూ చెప్పింది. పదేళ్ళ కిందట ఒకరోజు ఒక విదేశీ జంట చెమటలు కక్కుతూ ఈ సందులోకి వచ్చారు. చేతిలో ఏదో కాగితం. చర్చ్, చర్చ్ అన్నారు. సాన్ సాన్ భర్త పోలయ్య రిఫైనరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఇంగ్లీషుకు అది వాళ్ళ భాషలో గుడి అన్నట్టు తోచింది. ఇదే, ఇదేనని అమ్మవారిని చూపించాడు. వాళ్ళు చెప్పులు విడిచి లోపల కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు, టీ తాగారు, ఫొటోలు తీసుకుని దండం పెట్టి వెళ్ళారు. వారం తిరక్కుండా ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో నూకాలమ్మను వెతుక్కుంటూ వస్తున్నారంటే, ఆ సందులోని ఇరవై ఆరు తెలుగు ఇళ్ళవాళ్ళూ మొదట నమ్మలేదు, తర్వాత నమ్మారు. అందరూ కలిసి గుడికి రంగు వేయించారు. బెంచీలు కట్టించారు. పోలయ్య రోజూ ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చునేవాడు. ఊళ్ళోని మిగతా తెలుగువాళ్ళు కూడా, పెద్ద గుళ్ళు వదిలి, పండగకు ఇక్కడికే రావడం మొదలుపెట్టారు.

గుడి గోడకు అద్దాల చట్రంలో ఆ విదేశీయులు పంపిన ఫొటోలు ఉన్నాయి. దుర్గ లేచి వెళ్ళి చూసింది. గడ్డం పెంచిన ఆ లావుపాటాయనకు తను రోజూ రెండు గుడ్లు పెట్టేది. జడలు కట్టుకున్న ఆ అమ్మాయికి జ్వరం వస్తే మాత్రలు తెచ్చింది. పదిహేను రోజులు ఉన్న ముసలి ఐరిష్ దంపతులు ఆ బెంచీ మీదే వడల పళ్ళెం పట్టుకుని నవ్వుతున్నారు. వాళ్ళు ఆ సాయంత్రం గెస్ట్ హౌస్‌కు తిరిగి వచ్చి గులాబీరంగు గుడి గురించి ఏదో చెప్పబోయారు. ఇంకొందరు కూడా చర్చి దొరకలేదు గాని మంచిచోటు దొరికిందని అన్నారు. ఆమె అప్పుడు తాళాలు అందిస్తూనో, పేర్లు రాస్తూనో, గుడ్, వెరీ గుడ్ అంది. ఒక్కసారి కూడా తల ఎత్తి అడగలేదు.

ఇప్పుడు ఎందుకు రావడం లేదని అడిగింది, జవాబు తెలిసే. సాన్ సాన్ సందు చివరి ఇంటివైపు ఒకసారి చూసింది.

ఆ ఇంట్లో ఉండేది అచ్చమ్మ. గుడి తాళంచెవి అత్తగారి తర్వాత ఆమెకు వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు తెల్లారగట్ల తలుపు తీసి, కడిగి, దీపం పెట్టింది ఆమే. ఆరేళ్ళ కిందట నవంబరులో ఒక పొడుగాటి కుర్రాడు బూట్లతోనే గర్భగుడిలోకి వెళ్ళి, అమ్మవారి మెడ చుట్టూ చెయ్యి వేసి ఫొటో తీసుకోబోయాడు. అచ్చమ్మ అతని మణికట్టు పట్టుకుని బయటికి లాగింది. మెట్టు మీద జారి వాడి మోకాలు చెక్కుకుపోయింది. కుంటుతూ వెళ్ళిపోయాడు. ఆ మరుసటి వారం నుంచి ఒక్కరూ రాలేదు. అవతల చర్చి దగ్గర మాత్రం విదేశీయులు ఎప్పటిలాగే తిరుగుతున్నారు. నెలరోజులు చూసి పోలయ్య అందరినీ కూర్చోబెట్టాడు. ఇంటికొచ్చినవాణ్ణి కొట్టారు కాబట్టి అమ్మవారు మొహం తిప్పుకుందని తేల్చారు. తాళంచెవి అచ్చమ్మ నుంచి తీసుకుని సాన్ సాన్‌కు ఇచ్చారు. పండగరోజు అమ్మవారికి ప్రతి ఇంటినుంచీ తలమీద తెచ్చే ఘటాల్లో అచ్చమ్మ ఇంటి ఘటాన్ని గుడికి రానివ్వలేదు.

సాన్ సాన్ ఇంట్లో ఉన్నది బుద్ధుడు. చూసి నేర్చుకున్నట్టుగా ఆరేళ్ళ నుంచి ఇక్కడ దీపం పెడుతోంది గాని, తను పెట్టవలసింది కాదని ఆవిడకు రోజూ అనిపిస్తూనే ఉంది. ఈ మాట భర్తతో రెండుసార్లు అంది. ఆయన వినలేదు.

దుర్గ చాలాసేపు బెంచీ మీద కూర్చుంది. పన్నెండు గంటలకు బస్సు ఉంది. లేచి నడిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఈ సందులోవాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. గోడ పక్క నీడలో కోడి ఒకటి మట్టి గీరుతోంది. ఆమె టీ పూర్తిగా తాగింది. తర్వాత సంచి పక్క అరలోంచి మడత కాగితం తీసి సాన్ సాన్ ముందు పరిచింది.

సాన్ సాన్ దాన్ని గుర్తుపట్టింది. అందరి చేతుల్లోనూ ఉండేది ఇదేనంది. ఇది గీసింది నేనే అని దుర్గ చెప్పింది. చర్చికి వేసిన దారి ఇక్కడికి వచ్చిందనీ, ఆరేళ్ళ కిందట కొత్త మ్యాపు రావడంతో ఈ కాగితం ఆగిపోయిందనీ చెప్పింది. సాన్ సాన్ లోపలికి వెళ్ళి పోలయ్యను లేపుకొచ్చింది.

పోలయ్యకు డెబ్బై నాలుగేళ్ళు. సన్నగా, నిటారుగా ఉన్నాడు. బయటికి వచ్చేముందు చొక్కా వేసుకుని బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. దుర్గ మొదటినుంచి మళ్ళీ చెప్పింది. ఆయన కాగితాన్ని కళ్ళకు దూరంగా పట్టుకుని చూశాడు. వేలితో గోడ గీత వెంబడే శిలువ గుర్తు దాకా వచ్చాడు.

“తోవ తప్పినోడు ఒక్కపాలి తప్పుతాడు,” అన్నాడు. “అయిదేళ్ళు తప్పుతాడేటి?”

“ఒక్కొక్కలూ ఒక్కపాలే తప్పినారు తాతా. మనుసులే యేరు.”

ఆయన గోడ మీది ఫొటోల వైపు తిరిగాడు. “మరైతే ఇయ్యన్నీ అబద్దవేనా?”

దుర్గ తల అడ్డంగా ఊపింది. “అబద్దం కాదు. రావడం తోవ తప్పి వొచ్చినారు. వొచ్చినాక ఇష్టపడే కూకున్నారు. నాకు సెప్పబోయినారు కూడా. నానే ఇనలేదు.”

పోలయ్య బెంచీ మీద కూలబడ్డాడు. ఎవరూ అడగని మాట పనిగట్టుకుని వచ్చి ఎందుకు చెప్పావన్నాడు చివరికి. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. నేను చేసిన తప్పుకు శిక్ష అచ్చమ్మగారికి పడిందని తెలిశాక బస్సెక్కలేకపోయానంది దుర్గ. ఆయన బోర్డువైపు, బెంచీలవైపు, గోపురం రంగువైపు వరసగా చూశాడు. సాన్ సాన్ బర్మాలో ఒక్కమాట అంది, చాలా నెమ్మదిగా. దుర్గకు వినిపించలేదు.

“అచ్చమ్మకి నువ్వే సెప్పుకో పాపా,” అన్నాడు పోలయ్య. “నాను సెప్పలేను.” లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

సందు చివరి ఇంటి అరుగు మీద అచ్చమ్మ శనగపప్పు వడలు వేస్తోంది. రోజూ ఆ వేళకు బుట్టనిండా వేసి, పక్క వీధిలో కూర్చుని అమ్ముకుంటుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, చేతులు బలంగా ఉన్నాయి. దుర్గ ఎదురుగా చతికిలబడి సంచి దించి, మొత్తం చెప్పింది. అచ్చమ్మ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. పిండి అరచేతిలో ఒత్తి నూనెలో వదులుతూనే ఉంది. చెప్పడం అయ్యాక కూడా ఇంకో నాలుగు వదిలింది.

“ఆ కుర్రోణ్ణి నాను లాగినమాట నిజివే,” అంది. “రేపు ఇంకోడొచ్చి అలాగ సేసినా లాగుతాను.”

“లాగాల్సిందే పెద్దమ్మా.”

“వోళ్ళన్నందుకు నాకేటీ కాలేదు. ఆరేళ్ళు నానూ అలగే అనుకున్నాను. నా సేతివల్లే ఆయమ్మ ముకం తిప్పేసుకుందని.”

నూనెలో వడలు నల్లబడుతున్నా చిల్లుగరిటె పక్కనే ఉండిపోయింది. దుర్గే అందుకుని తీసింది. అచ్చమ్మ ఏడవలేదు. కొంచెం సేపయ్యాక కోపం వచ్చింది. నీ బొమ్మ వల్ల వచ్చారు, నీ బొమ్మ వల్లే మానేశారు, మధ్యలో నేనేం చేశానని గట్టిగా అడిగింది. దుర్గ తల వంచుకుని కూర్చుంది. ఆ కాగితం ఇలా పడెయ్యి అంది అచ్చమ్మ. తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, చింపకుండా తిరిగి ఇచ్చేసింది. మాడిన వడలు పక్కకు తీసేసి, బాగున్నవి నాలుగు ఆకులో పెట్టి తినమంది. దుర్గ తింది.

వెళ్ళేముందు పాత చర్చికి దారి అడిగింది. అచ్చమ్మకు తెలియదు. డెబ్బై ఏళ్ళలో ఎప్పుడూ అటు వెళ్ళలేదట.

సాన్ సాన్ పిలిపించిన మూడు చక్రాల బండిలో దుర్గ చర్చికి వెళ్ళింది. కప్పు లేని ఇటుక గోడలు, లోపల గడ్డి, గడ్డిలో రెండు మేకలు. పది నిమిషాలు కూర్చుంది. బండివాడు తొందరపెడుతుంటే లేచింది.

ఆ సాయంత్రం అన్నం తింటున్నప్పుడు గోపాలం మావను అడిగింది, చర్చికి దారి అడిగితే నూకాలమ్మ గుడికి ఎందుకు చెప్పావని. ఆయన ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆలోచించాడు.

“తన్లిన్‌లో నాకు తెలిసిన తోవ అదొక్కటే,” అన్నాడు. “మిల్లు దిగితే గుడికాడికే ఎల్లీవోణ్ణి. సర్చి అన్నావో ఏటన్నావో నాకు గ్యాపకం లేదు.” గుడి ముందు చేద బావి ఉండేది, ఉందా అని అడిగాడు. లేదు, బెంచీలు వేశారని చెప్పింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

మిగిలిన రోజుల్లో ఆమె త్వాంటే వెళ్ళి కుండలు చేసేవాళ్ళను చూసింది. క్యౌక్‌తాన్‌లో నది నడుమ ఉన్న పగోడాకు పడవలో వెళ్ళింది. వెళ్ళిన ప్రతిచోటా తన కాగితం మీద ఎక్కడెక్కడ తప్పులున్నాయో పెన్సిలుతో దిద్దుకుంది. మొత్తం ఏడు తేలాయి. ఏడింటిలో ఆరింటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు, కాస్త ఎండ తగిలి ఉంటుంది అంతే. ఒకటో తేదీన ఫ్యాక్టరీలో చేరింది. చొక్కాలకు కాలర్లు కుట్టే వరసలో వేశారు. మొదటి నెల వేళ్ళు వాచాయి, తర్వాత అలవాటైపోయింది.

తన్లిన్ సంగతులు సాన్ సాన్ ఫోనులో చెబుతూ ఉండేది. పోలయ్య తాను పొరపాటు పడ్డానని ఎవరి దగ్గరా అనలేదు. సందులో కొందరు దుర్గ చెప్పింది నమ్మారు. కొందరు ఆ గీత ఆమె చేత గీయించింది కూడా అమ్మవారేనన్నారు. ఇంకొందరు, ముఖ్యంగా ఆనాడు గట్టిగా మాట్లాడినవాళ్ళు, ఆ విషయం వస్తే లేచి వెళ్ళిపోయేవారు. వారంరోజులు గడిచాక సాన్ సాన్ తాళంచెవి పట్టుకుని తనంతట తానే అచ్చమ్మ ఇంటికి వెళ్ళింది. పోలయ్య చూస్తూనే ఉన్నాడు, ఆపలేదు. అచ్చమ్మ తాళంచెవి తీసుకోలేదు. అందరూ కూర్చుని లాక్కున్నారు, ఇప్పుడు నేనడక్కుండానే తిరిగిస్తున్నారు, అది నా ఇంట్లో ఎందుకు అంది. ఆ రాత్రి సాన్ సాన్ దాన్ని గుడి గుమ్మానికి మేకు కొట్టి తగిలించింది. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చని.

నాలుగు రోజులు మేకు మీదే ఉంది. అయిదోరోజు మంగళవారం. తెల్లారి సాన్ సాన్ వెళ్ళేసరికి తలుపు తీసి ఉంది, గడప కడిగి ఉంది, లోపల అచ్చమ్మ వత్తి సరిచేస్తోంది.

మార్చి మొదట్లో జరిగిన పండగకు అచ్చమ్మ ఇంటి ఘటం మిగతావాటితో కలిసి గుడికి వచ్చింది. పోలయ్య ఎదురువెళ్ళలేదు గాని, ఘటం వస్తుంటే బెంచీ మీంచి లేచి నిలబడ్డాడట. ఫ్యాక్టరీలో సెలవు దొరకక దుర్గ వెళ్ళలేకపోయింది. తర్వాతి ఆదివారం వెళ్ళింది. అచ్చమ్మ బాగున్నావా అని కూడా అడగలేదు. వడలు మాత్రం పెట్టింది.

ఇప్పుడు మంగళ, శుక్రవారాలు అచ్చమ్మ, మిగతా రోజులు సాన్ సాన్ దీపం పెడుతున్నారు. ఆ ఏర్పాటు ఎవరూ చేయలేదు, అలా కుదిరిపోయింది. నూనె మరీ ఎక్కువ పోస్తోందని అచ్చమ్మ తెలుగులో సణుగుతుంది. చాలినంతే పోశానని సాన్ సాన్ బర్మాలో జవాబు చెబుతుంది. ఒకరి భాష ఒకరికి బాగానే అర్థమవుతుంది, కాబట్టి ఆ గొడవ చాలాసేపు సాగుతుంది. పోలయ్య బయట బెంచీ మీద కూర్చుని వింటూ ఉంటాడు.